మీడియా చట్టం, పత్రికా స్వేచ్ఛలపై పరిశోధనను వృత్తిగా ఎంచుకునేవారికి సమగ్ర మార్గదర్శి

మీడియా చట్టాన్ని జీవితకాల అధ్యయనంగా ఎంచుకున్న విద్యార్థికి మన దేశంలో మొదట ఎదురయ్యే చిక్కు చదువుకు సంబంధించినది కాదు, విశ్వవిద్యాలయాల అమరికకు సంబంధించినది. ఈ విషయం న్యాయశాస్త్ర విభాగంలో సాధారణంగా ఒక ఐచ్ఛిక పేపరుగా, జర్నలిజం విభాగంలో ఒక తప్పనిసరి పేపరుగా ఉంటుంది. దానికంటూ సొంత నెట్ (అధ్యాపక ఉద్యోగానికి జాతీయ అర్హత) పరీక్ష లేదు, సొంత ఉద్యోగ ప్రకటనలు అరుదు. లా కాలేజీ ఇంటర్వ్యూలో మిమ్మల్ని పత్రికల మనిషిగానూ, జర్నలిజం ఇంటర్వ్యూలో లాయరుగానూ చూస్తారు. కాబట్టి ఏ విభాగం పేరు మీద ఉద్యోగం చేస్తారో, ఏ ప్రశ్న మీద జీవితం గడుపుతారో ఈ రెండింటినీ విడివిడిగా నిర్ణయించుకోవాలి.

తెలుగు తెలిసిన పరిశోధకులకు ఇక్కడ ఇతరులకు లేని అవకాశం ఒకటి ఉంది. పత్రికా స్వేచ్ఛపై మన దేశంలో ఇంగ్లీషులో వచ్చే రచన చాలావరకు సుప్రీంకోర్టు తీర్పుల చుట్టూనే తిరుగుతుంది. కానీ మండల విలేకరి మీద కేసు నడిచేది మేజిస్ట్రేటు కోర్టులో. ఫిర్యాదు ఉండేది తెలుగులో. వివాదానికి కారణమైన వార్త జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో వచ్చినది. ఆ వార్తను, ఆ ఎఫ్ఐఆర్‌ను, ఆ వాయిదాల చరిత్రను కలిపి చదవగలిగినవారు చాలా తక్కువ. కింద చెప్పే మెట్లన్నీ ఆ లోటును దృష్టిలో పెట్టుకుని రాసినవే.

మొదటి మెట్టు: న్యాయశాస్త్రమా, జర్నలిజమా?

న్యాయశాస్త్రం వైపు నుంచి రావాలనుకుంటే ఇంటర్మీడియట్ తరువాత క్లాట్ రాసి హైదరాబాదులోని నల్సార్‌లో గానీ, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలో గానీ, ఇతర రాష్ట్రాల జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల్లో గానీ ఐదేళ్ల కోర్సులో చేరవచ్చు. ఢిల్లీలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మాత్రం ఐలెట్ అనే సొంత పరీక్ష పెట్టుకుంది. రెండు తెలుగు రాష్ట్రాల లాసెట్‌ల ద్వారా ఇంటర్ తరువాత ఐదేళ్ల కోర్సులో, డిగ్రీ తరువాత మూడేళ్ల కోర్సులో సీటు దొరుకుతుంది. ఎల్ఎల్ఎంకు క్లాట్ పీజీ లేదా పీజీఎల్‌సెట్ రాయాలి. దూరవిద్యలో చేసిన ఎల్ఎల్‌బీని బార్ కౌన్సిల్ గుర్తించదు గనుక, పత్రిక డెస్కులో పనిచేస్తూ దూరవిద్య ద్వారా న్యాయవాది కావచ్చని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

జర్నలిజం వైపు నుంచి రావాలనుకునేవారికి ఉస్మానియాలో 1954 నుంచి నడుస్తున్న విభాగం, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని కమ్యూనికేషన్ విభాగం, ఆంధ్ర విశ్వవిద్యాలయం, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం, తెలుగు విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఉర్దూ పత్రికలపై ఆసక్తి ఉంటే మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాన్ని మరచిపోకూడదు. హైదరాబాద్ సంస్థానపు పత్రికల చరిత్ర ఉర్దూ లేకుండా సగమే అర్థమవుతుంది.

నా అభిప్రాయం అడిగితే, డిగ్రీ తరువాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ, దానికి ముందో వెనకో ఏదైనా పత్రికలో గానీ చానల్‌లో గానీ ఒకటి రెండేళ్ల పని, ఆ తరువాత ఎల్ఎల్ఎం అనే వరుస ఈ రంగానికి బాగా సరిపోతుంది. న్యాయశాస్త్రంలో పీజీ ఉన్నవారిని జర్నలిజం విభాగాలు మీడియా చట్టం పేపరు చెప్పడానికి సంతోషంగా పిలుస్తాయి. జర్నలిజం పీజీ మాత్రమే ఉన్నవారిని లా కాలేజీ అలా పిలవడం కష్టం. నల్సార్ దూరవిద్య విభాగం నడిపే మీడియా చట్టాల పీజీ డిప్లొమా పనిచేస్తున్న విలేకరులకు విషయపరిచయం కోసం ఉపయోగపడుతుంది గానీ, అధ్యాపక ఉద్యోగానికి అర్హతగా నిలబడదు. రెండు రంగాలనూ కలుపుకుని పోయినవారికి మన దగ్గర ఆదర్శం లేకపోలేదు: మాడభూషి శ్రీధర్ నల్సార్‌లో మీడియా చట్టం బోధించి, 2013 నుంచి 2018 వరకు కేంద్ర సమాచార కమిషనర్‌గా పనిచేసి, తెలుగు పత్రికల్లోనూ విరివిగా రాశారు.

ఎల్ఎల్‌బీ తరువాత న్యాయవాదిగా నమోదై ఉండటం వల్ల బోధనకు పూర్తిగా ఆటంకం లేదు. 1979 నాటి నియమాల ప్రకారం న్యాయవాది రోజుకు మూడు గంటలకు మించకుండా న్యాయశాస్త్రం బోధించవచ్చు. తొలి సంవత్సరాల్లో కోర్టుకు వెళ్తూనే అతిథి అధ్యాపకులుగా తరగతులు తీసుకోవడానికి ఇది దారి ఇస్తుంది. కోర్టు గుమాస్తాతో పరిచయం కూడా అప్పుడే ఏర్పడుతుంది, అది తరువాత ఎంతగా పనికొస్తుందో చెప్పనక్కరలేదు.

రెండో మెట్టు: ఒక తీర్పును మొత్తంగా చదవడం

చాలామంది విద్యార్థులు తీర్పుల సారాంశాలను చదివి తీర్పులు చదివామనుకుంటారు. ఈ అలవాటు మాన్పించుకోవడానికి ఒకే ఒక్క తీర్పును తీసుకుని నెల రోజులు దానితో గడపడం మంచిది. నేనైతే 1950 నాటి రమేశ్ థాపర్ కేసును సూచిస్తాను. బొంబాయిలో అచ్చయ్యే 'క్రాస్ రోడ్స్' అనే వారపత్రిక తమ రాష్ట్రంలోకి రాకుండా మద్రాసు ప్రభుత్వం 1949 నాటి ప్రజాశాంతి చట్టం కింద నిషేధించింది. అప్పటికి కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి గనుక ఆ నిషేధం మన పాఠకులకూ వర్తించింది. పత్రికను ప్రచురించడంతో పాటు పంపిణీ చేయడం కూడా భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనని, రాజ్యభద్రతకు ముప్పు కలిగించే స్థాయికి చేరని శాంతిభంగాన్ని కారణంగా చూపి ఆ స్వేచ్ఛను నియంత్రించడానికి, ఆ స్వేచ్ఛపై ఏ కారణాలతో ఆంక్షలు పెట్టవచ్చో చెప్పే రాజ్యాంగంలోని అప్పటి 19(2) అధికరణం అనుమతించదని మెజారిటీ తరఫున జస్టిస్ పతంజలి శాస్త్రి రాశారు. జస్టిస్ ఫజల్ అలీ విభేదించారు. మరుసటి ఏడాది పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ ద్వారా 'ప్రజాశాంతి', 'నేరానికి ప్రేరేపణ', 'విదేశాలతో స్నేహసంబంధాలు' అనే కారణాలను 19(2)లో చేర్చింది. అదే సవరణలో 'సమంజసమైన' అనే పరిమితిని కూడా ఆ ఆంక్షలకు తగిలించింది.

ఈ ఒక్క కేసుతో ఐదు పనులు చేయవచ్చు. అప్పటి చట్టం పూర్తి పాఠాన్ని, నిషేధపు ఉత్తర్వును, మెజారిటీ తీర్పును, విభేదించిన తీర్పును, 1951 మే, జూన్ నెలల పార్లమెంటు చర్చలను వరుసగా చదవాలి. కోర్టు ఒక మాట అన్న తరువాత ప్రభుత్వం ఏం చేసిందన్నది మీడియా చట్టంలో ఎప్పుడూ తీర్పులో ఉండదు, దాని బయటే ఉంటుంది. ఆ బయటి భాగాన్ని వెతకడం అలవాటు కావడానికే ఈ కసరత్తు.

ఆ తరువాతి తీర్పులను కాలక్రమంలో కాక ప్రశ్నల వారీగా చదవండి. పత్రికను డబ్బు వైపు నుంచి నియంత్రించవచ్చా అన్న ప్రశ్నకు పేజీల సంఖ్యనూ ధరనూ ముడిపెట్టిన చట్టాన్ని కొట్టివేసిన 1962 నాటి సకాల్ పేపర్స్ తీర్పు, న్యూస్‌ప్రింట్ విధానంపై 1972 నాటి బెన్నెట్ కోల్‌మన్ తీర్పు, న్యూస్‌ప్రింట్ దిగుమతి సుంకంపై 1985 నాటి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ తీర్పు కలిపి చదవాలి. బెన్నెట్ కోల్‌మన్‌లో జస్టిస్ మాథ్యూ రాసిన భిన్నాభిప్రాయాన్ని దాటేయకండి. పత్రికా స్వేచ్ఛ యజమానిదా, పాఠకుడిదా అన్న తగవు అక్కడ ఉన్నంత నిక్కచ్చిగా మరోచోట కనిపించదు. వ్యక్తిగత గోప్యతకు 1994 నాటి రాజగోపాల్ కేసు, ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అన్న 1995 నాటి క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసు, ఇంటర్నెట్‌కు 2015 నాటి శ్రేయా సింఘాల్, 2020 నాటి అనురాధా భాసిన్ కేసులు, ప్రభుత్వం తన ఆధారాలను అవతలి పక్షానికి చూపకుండా కోర్టుకు మాత్రమే ఇచ్చే సీల్డ్ కవర్ పద్ధతిపై 2023 నాటి మీడియావన్ కేసు తప్పనిసరి.

మూడో మెట్టు: చట్టాలను ఇవాళ్టి రూపంలో దగ్గర పెట్టుకోవడం

ఇక్కడ ఎక్కువ చెప్పవలసింది లేదు, జాగ్రత్త మాత్రం చాలా కావాలి. ఎందుకంటే గత కొన్నేళ్లలో పాత పాఠ్యపుస్తకాలు చాలావరకు చెల్లకుండా పోయాయి. పరువునష్టం నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్. పాత శిక్షాస్మృతిలోని రాజద్రోహపు 124ఏ స్థానంలో మాటలు మార్చుకుని వచ్చినది 152వ సెక్షన్. 1867 నాటి ప్రెస్, పుస్తకాల రిజిస్ట్రేషన్ చట్టం స్థానంలో 2023 నాటి కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపునిచ్చే 8(1)(జె)ని మార్చింది. ఐటీ చట్టంలో ఆన్‌లైన్ సమాచారాన్ని నిలిపివేయించే 69ఏ, ఆన్‌లైన్ వేదికల బాధ్యతను తేల్చే 79 సెక్షన్లు, ఆ వేదికలకు వర్తించే 2021 నాటి మధ్యవర్తుల నియమాలు, కోర్టుధిక్కార చట్టం, అధికార రహస్యాల చట్టం, కేబుల్ టీవీ చట్టం, ప్రెస్ కౌన్సిల్ చట్టం: వీటి సవరించిన పాఠాలను ప్రభుత్వ ఇండియా కోడ్ సైటు నుంచి దించుకుని, దించుకున్న తేదీని పైన రాసుకోండి.

నాలుగో మెట్టు: ప్రశ్నను ఎంచుకోవడం

పీహెచ్‌డీ సినాప్సిస్‌లు (పరిశోధన ప్రతిపాదనలు) ఎక్కువగా పడిపోయేది ఇక్కడే. 'భారతదేశంలో పత్రికా స్వేచ్ఛ: ఒక విశ్లేషణాత్మక అధ్యయనం' అన్న శీర్షికతో దరఖాస్తు చేస్తే కమిటీ ఆమోదించవచ్చు గానీ, మూడేళ్ల తరువాత దానిలో కొత్తగా చెప్పేదేమీ మిగలదు. పరిశోధన ప్రశ్నకు ఒక చోటు, ఒక కాలం, ఒక రకం పత్రాలు ఉండాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనే, పెద్దగా ఎవరూ దున్నని పొలాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది స్ట్రింగర్ల, అంటే శాశ్వత ఉద్యోగం లేకుండా వార్తలు పంపే స్థానిక విలేకరుల, చట్టపరమైన స్థితి. తెలుగు పత్రికల జిల్లా ఎడిషన్లు మండల స్థాయి కంట్రిబ్యూటర్ల మీద నడుస్తున్నాయి. వారిలో ఎక్కువమందికి నెల జీతం లేదు. అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంట్ రూపంలో కొంత వస్తుంది, ప్రకటనలు తెచ్చే బాధ్యత కూడా వారి మీదే పడుతుంది. 1955 నాటి వర్కింగ్ జర్నలిస్టుల చట్టం పాత్రికేయ వృత్తే ప్రధాన వ్యాపకంగా ఉన్నవారిని గుర్తించింది. ఆ చట్టం ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లలో కలిసిపోయింది. ఊళ్లో ఇంకో పని చేసుకుంటూ వార్తలు పంపే మనిషి మీద పరువునష్టం కేసు పడితే లాయరు ఫీజు ఎవరు కడతారు, యాజమాన్యం అతన్ని తనవాడని ఒప్పుకుంటుందా, ప్రభుత్వం విలేకరులకు ఇచ్చే అక్రెడిటేషన్ కార్డు ఉండటానికీ లేకపోవడానికీ పోలీసు స్టేషన్లో తేడా ఏమిటి? పత్రికా స్వేచ్ఛ అన్న పెద్దమాటకు జిల్లాలో అసలు అర్థం ఈ ప్రశ్నల్లోనే ఉంది.

రెండోది శాసనసభల హక్కులు. 1983-84లో ఆంధ్రప్రదేశ్ శాసన మండలికీ, ఈనాడు సంపాదకులకూ మధ్య నడిచిన హక్కుల ఉల్లంఘన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1985లో మండలే రద్దయింది. సభా హక్కులకూ పత్రికా స్వేచ్ఛకూ మధ్య తగవుపై వచ్చిన 1958 నాటి సెర్చ్‌లైట్ తీర్పు, సభా కార్యకలాపాల వార్తలకు రక్షణగా 1978లో 44వ సవరణ తెచ్చిన 361ఏ అధికరణం, ఆనాటి తెలుగు పత్రికల సంపాదకీయాలు, మండలి చర్చల ప్రతులు కలిపి చదివితే ఒక పూర్తి సిద్ధాంత వ్యాసానికి సరిపడే సామగ్రి ఉంది.

మూడోది కార్యనిర్వాహక ఉత్తర్వుల ప్రభావం. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసిన జీవో 2430 నిరాధార వార్తలపై కేసులు పెట్టే అధికారాన్ని ఆయా శాఖల కార్యదర్శులకు ఇచ్చింది. 2021 మే నెలలో టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి చానళ్లపై నమోదైన రాజద్రోహం కేసులో సుప్రీంకోర్టు కఠిన చర్యలు వద్దని ఆదేశిస్తూ, రాజద్రోహానికి హద్దులు నిర్ణయించాల్సిన సమయం వచ్చిందని వ్యాఖ్యానించింది. ఇలాంటివి చేపట్టినప్పుడు ఒకే పార్టీ పాలనాకాలానికి పరిమితం కాకుండా రెండు రాష్ట్రాలనూ, వేర్వేరు ప్రభుత్వాలనూ కలిపి తీసుకోండి. తెలుగు మీడియా యాజమాన్యాల రాజకీయ అనుబంధాలు అందరికీ తెలిసినవే గనుక, ఒకవైపు ఉదాహరణలే ఏరితే మీ పరిశోధనను అవతలివైపువారు మొదటి పేజీలోనే పక్కన పెడతారు.

నాలుగోది సివిల్ కోర్టుల తాత్కాలిక నిషేధాలు. అవతలి పక్షం మాట వినకుండానే కథనాన్ని తొలగించమనే ఉత్తర్వులు జారీ చేసే ముందు ఎంత జాగ్రత్త పాటించాలో 2024 మార్చిలో బ్లూమ్‌బర్గ్, జీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాదులోని సిటీ సివిల్ కోర్టులోనో, విజయవాడ కోర్టుల్లోనో ఆ మాటను ఎంతవరకు పాటిస్తున్నారన్నది వెళ్లి చూస్తేగానీ తెలియదు.

చరిత్ర వైపు మొగ్గు ఉన్నవారికి వలస పాలన కాలం గని వంటిది. బెజవాడ నుంచి వచ్చిన 'స్వరాజ్య' పత్రికలోని రచనకు గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో రాజద్రోహం కింద జైలుకు వెళ్లారు. హైదరాబాదులో 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురయ్యారు. ఒకటి బ్రిటిష్ చట్టం కింద పడిన శిక్ష, రెండోది సంస్థానంలో చట్టానికి బయట జరిగిన హింస. ఈ రెండు పాలనల కింద పత్రికలు ఎలా బతికాయో పోల్చి చూసిన న్యాయచరిత్ర తెలుగులో రావలసి ఉంది.

ఐదో మెట్టు: ఆధారాలను సమకూర్చుకోవడం

సుప్రీంకోర్టు తీర్పులు ఆ కోర్టు అధికారిక సైటైన ఇ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇండియన్ కానూన్ అనే అనధికారిక సైటులో వెతకడం తేలిక, కానీ ఉటంకించేటప్పుడు అధికారిక ప్రతిలోని పేరా సంఖ్యనే వాడాలి. కింది కోర్టుల కేసులను ఇ-కోర్ట్స్ సైటులో పార్టీ పేరుతోనూ, చట్టం సెక్షన్‌తోనూ వెతకవచ్చు. అక్కడ వాయిదాల పట్టిక ఒక్కటే మీకు చాలా చెబుతుంది: కేసు ఎన్నాళ్లు నడిచింది, నిందితుడైన విలేకరి ఎన్నిసార్లు హాజరయ్యాడు, ఫిర్యాదుదారు ఎన్నిసార్లు రాలేదు. శిక్ష పడిన కేసులు కొద్దిగా, ఏళ్ల తరబడి నలిగి చివరికి రాజీ అయినవి ఎక్కువగా కనిపిస్తే, శిక్షల సంఖ్యతో పత్రికా స్వేచ్ఛను కొలవడం ఎందుకు పొరపాటో మీ పట్టికే రుజువు చేస్తుంది. సున్నితమైనవి మినహా మిగతా ఎఫ్ఐఆర్‌లను పోలీసు సైటులో ఉంచాలని 2016లో సుప్రీంకోర్టు ఆదేశించింది గనుక అక్కడా వెతకాలి.

సమాచార హక్కు దరఖాస్తు ఈ రంగంలో ప్రధానమైన పనిముట్టు. అక్రెడిటేషన్ కమిటీల సమావేశ వివరాలు, ప్రభుత్వ ప్రకటనలకు ఏ పత్రికకు ఎంత చెల్లించారన్న లెక్కలు, ఇంటర్నెట్ నిలిపివేత ఉత్తర్వులు సమాచార, పౌరసంబంధాల శాఖకూ హోంశాఖకూ దరఖాస్తు చేసి అడగదగినవి. ప్రశ్నలను అభిప్రాయాల రూపంలో కాకుండా పత్రాల రూపంలో అడగండి: 'ఎందుకు ఇచ్చారు' అనే బదులు 'ఇచ్చిన ఫైలులోని నోట్‌ఫైల్ (అధికారులు రాసుకున్న వ్యాఖ్యల) ప్రతి' అని రాయాలి. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, అప్పీళ్లతో కలిపితే సంవత్సరం దాటవచ్చు. అందుకే పీహెచ్‌డీలో చేరిన మొదటి సెమిస్టరులోనే దరఖాస్తులు పంపడం మొదలుపెట్టాలి. దేశంలో ఇంటర్నెట్ నిలిపివేతలపై కేంద్రం వద్ద సరైన రికార్డే లేదని 2021లో పార్లమెంటు స్థాయీ సంఘం ఎత్తిచూపింది. సమాచారం లేదన్న జవాబు కూడా అలా ఒక పరిశోధన ఫలితమే.

పాత పత్రికల కోసం వేటపాలెంలోని సారస్వత నికేతనం, హైదరాబాదులోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం, ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసిన సంచికలు చూడాలి. మద్రాసు ప్రభుత్వం దేశభాషా పత్రికల మీద తయారు చేయించుకున్న వారపు నివేదికలు ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అవి పోలీసు కళ్లతో చదివిన తెలుగు పత్రికల ఇంగ్లీషు సారాంశాలు; అసలు సంచిక దొరికిన ప్రతిసారీ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి, అనువాదకుడు ఏం వదిలేశాడో, ఏం పెంచి రాశాడో తెలుస్తుంది.

ఆరో మెట్టు: నెట్, పీహెచ్‌డీ, గైడ్

యూజీసీ నెట్‌లో న్యాయశాస్త్రం సంకేతం 58, మాస్ కమ్యూనికేషన్, జర్నలిజం సంకేతం 63. మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100 ప్రశ్నలు, మొత్తం 300 మార్కులు, తప్పు జవాబుకు కోత లేదు. మీ పీజీ ఏ విషయంలో ఉందో అందులోనే రాయడం సహజం. రెండు పీజీలు ఉన్నవారు రెండింట్లోనూ సాధిస్తే ఉద్యోగ వేటలో చాలా మేలు. ఆ పరీక్షలో మంచి మార్కులతో జేఆర్ఎఫ్ అనే పరిశోధన వేతనం వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలు అందుతాయి. ఆర్థికంగా వెనుదన్ను లేనివారు జేఆర్ఎఫ్ లేకుండా పూర్తికాల పీహెచ్‌డీలో చేరే ముందు రెండుసార్లు ఆలోచించాలి.

2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ప్రొఫెసర్ ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి గైడ్‌గా ఉండకూడదు. పేరున్న ప్రొఫెసర్ దగ్గర ఎనిమిదో విద్యార్థిగా చేరడం కంటే, మీ విషయం నిజంగా చదివే అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర రెండో విద్యార్థిగా చేరడమే మేలు. గైడ్ న్యాయశాస్త్రంలో ఉంటే, జర్నలిజం నుంచి సహ-గైడ్‌ను ఇవ్వమని మొదటే అడగండి. ఆ కలయిక లేకపోతే మీ సిద్ధాంత వ్యాసాన్ని పరీక్షించే వ్యక్తి, ఇంటర్వ్యూలతో నిండిన అధ్యాయాన్ని చూసి ఇందులో న్యాయశాస్త్రం ఎక్కడుందని అడగవచ్చు.

ఏడో మెట్టు: సూచికలను అనుమానంతో వాడటం

రిపోర్టర్స్ వితౌట్ బార్డర్స్ సూచికలో భారత్ స్థానం 180 దేశాల్లో 2023లో 161, 2024లో 159, 2025లో 151. ఈ అంకెలతో మొదలయ్యే వ్యాసాలకు లెక్కలేదు, కానీ స్థానం మెరుగుపడిందంటే దేశంలో పరిస్థితి మెరుగుపడిందని అర్థం కాదు. ఇతర దేశాలు దిగజారినా మన స్థానం పైకి పోతుంది. పైగా ఆ సంస్థ 2022లో పద్ధతినే మార్చి, రాజకీయ, ఆర్థిక, చట్టపరమైన, సామాజిక, భద్రతాపరమైన ఐదు కొలమానాలను తెచ్చింది గనుక అంతకు ముందు ఏళ్లతో నేరుగా పోల్చడం సరికాదు. స్థానం కంటే స్కోరును, స్కోరు కంటే ఐదింటిలో ఏది మారిందన్నదాన్ని చూడాలి. ఈ సూచిక తప్పుల తడక అని కొట్టిపారేసే ప్రభుత్వ ప్రకటనను, ఇదే పరమసత్యమని చెప్పే సంపాదకీయాన్ని ఒకే జాగ్రత్తతో చదవడం మీ పని. కమిటీ టు ప్రొటెక్ట్ జర్నలిస్ట్స్ ఏటా డిసెంబరు 1 నాటికి జైల్లో ఉన్నవారిని లెక్కిస్తుంది. ఏడాది మధ్యలో అరెస్టై బెయిలు మీద వచ్చినవారు అందులో కనిపించరని గుర్తుంచుకోవాలి.

ఎనిమిదో మెట్టు: మిమ్మల్ని, మీతో మాట్లాడినవారిని కాపాడుకోవడం

వార్తామూలాన్ని వెల్లడించకుండా ఉండే హక్కును లా కమిషన్ 1983 నాటి 93వ నివేదికలో సిఫార్సు చేసినా, కోర్టుల ముందు విలేకరికి అలాంటి చట్టబద్ధ రక్షణ ఇంకా లేదు. ప్రెస్ కౌన్సిల్ చట్టంలోని 15(2) ఇచ్చే రక్షణ ఆ కౌన్సిల్ ముందు మాత్రమే పనిచేస్తుంది. విలేకరికే లేనిది పరిశోధకుడికి ఎక్కడినుంచి వస్తుంది? అందుచేత కేసు నడుస్తున్న వ్యక్తితో మాట్లాడేటప్పుడు కేసులో వాదనగా మారగలిగే విషయాలను అడగవద్దు. అసలు పేర్లనూ మీరు పెట్టిన సంకేతాలనూ కలిపే పట్టికను వేరే చోట ఉంచండి. మండలం పేరు, పత్రిక పేరు రెండూ రాస్తే ఆ మనిషి ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. రెండింటిలో ఒకటే రాయాలి.

సిద్ధాంత వ్యాసంలో పరువునష్టం కలిగించే మాటను యథాతథంగా తిరిగి రాయడం కూడా ప్రచురణే అవుతుంది, విశ్లేషణకు కావలసినంతే రాయండి. లైంగిక నేరాల బాధితుల గుర్తింపు పాత తీర్పులో బయటపడి ఉన్నా మీరు రాయకూడదు. కోర్టుధిక్కార చట్టంలోని 5వ సెక్షన్ తుది తీర్పు వచ్చిన కేసుపై న్యాయమైన విమర్శను అనుమతిస్తుంది. విచారణలో ఉన్న కేసు విషయంలో మాత్రం భాషను మరింత అదుపులో పెట్టుకోవాలి.

తొమ్మిదో మెట్టు: ప్రచురణ, విదేశీ చదువు

న్యాయశాస్త్ర పత్రికలు ఫుట్‌నోట్లను, కమ్యూనికేషన్ పత్రికలు రచయిత పేరు, సంవత్సరం వాక్యంలోనే ఇచ్చే ఏపీఏ పద్ధతిని కోరుతాయి. మొదటివి సూత్రాన్ని వాదించమంటాయి, రెండోవి పద్ధతిని వివరించమంటాయి. ఒకే పరిశోధన నుంచి రెండు వేర్వేరు వ్యాసాలు రాయడం అలవాటు చేసుకోండి, ఒకే వ్యాసాన్ని రెండు చోట్లకు పంపవద్దు. యూజీసీ తాను గుర్తించిన పరిశోధన పత్రికల కేర్ జాబితాను 2025లో ఆపేసింది గనుక ఏ పత్రిక మంచిదో తేల్చుకునే భారం మీ మీద, మీ విశ్వవిద్యాలయం మీద పడింది; డబ్బు కట్టించుకుని వారంలో అచ్చువేసే పత్రికలకు దూరంగా ఉండటమే మొదటి పరీక్ష. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ, బెంగళూరు న్యాయ విశ్వవిద్యాలయపు ఇండియన్ జర్నల్ ఆఫ్ లా అండ్ టెక్నాలజీ, విదేశాల్లో జర్నల్ ఆఫ్ మీడియా లా చూడదగినవి. తెలుగులో సంపాదకీయ పేజీ వ్యాసాలు నియామకాలు, పదోన్నతుల కోసం వేసే పాయింట్ల లెక్కల్లో పెద్దగా పనికిరావు, అయినా రాయాలి. మీరు ఇంటర్వ్యూ చేసిన విలేకరులు చదివేది అవే.

విద్యార్థి దశలోనే ఆక్స్‌ఫర్డ్‌లో తుది పోటీలు జరిగే ప్రైస్ మీడియా లా మూట్‌కోర్టులో (విద్యార్థుల నమూనా వాదనల పోటీలో) పాల్గొనడం మంచి ప్రవేశం. సమాచార చట్టానికి ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయపు కేంద్రం, మీడియా నీతికీ చట్టానికీ మిన్నెసోటాలోని సిల్హా సెంటర్ పేరున్నవి. కొలంబియా విశ్వవిద్యాలయం వారి గ్లోబల్ ఫ్రీడమ్ ఆఫ్ ఎక్స్‌ప్రెషన్ తీర్పుల భాండాగారాన్ని ఎక్కడి నుంచైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూ కొన్ని నెలలు అమెరికాలో గడపడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టరల్ ఫెలోషిప్ ఉంది. అమెరికాలో చదివే తెలుగు విద్యార్థులకు ఒక హెచ్చరిక: ప్రభుత్వాధికారులు వేసే పరువునష్టం దావాల నుంచి పత్రికలకు గట్టి రక్షణ ఇచ్చిన 1964 నాటి అమెరికా సల్లివన్ తీర్పును మన సుప్రీంకోర్టు రాజగోపాల్ కేసులో కొంత స్వీకరించింది, కానీ 2016లో పరువునష్టాన్ని నేరంగానే నిలబెట్టింది. అక్కడి కొలబద్దను ఇక్కడి కేసుల మీద తెచ్చిపెట్టే సిద్ధాంత వ్యాసం రెండు దేశాల్లోనూ నిలవదు.

పదో మెట్టు: ఉద్యోగం

అసిస్టెంట్ ప్రొఫెసర్ ప్రారంభ మూలవేతనం యూజీసీ స్కేలులో 57,700 రూపాయలు. పీజీలో 55 శాతం మార్కులతో పాటు నెట్ లేదా సెట్ (రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష), లేక నిబంధనల ప్రకారం వచ్చిన పీహెచ్‌డీ కావాలి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్లతరబడి ఆగిపోయి, కాంట్రాక్టు, పార్ట్‌టైమ్ అధ్యాపకులతో తరగతులు నడుస్తున్న మాట దాచవలసినది కాదు. ప్రైవేటు లా కాలేజీల్లో జీతం, పనిభారం ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. ఈ నిరీక్షణ కాలాన్ని ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయంలోని కమ్యూనికేషన్ గవర్నెన్స్ కేంద్రంలోనో, విధి సెంటర్, ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్, ఎస్ఎఫ్ఎల్‌సీ వంటి సంస్థల్లోనో పరిశోధకులుగా గడిపినవారు తరువాత విశ్వవిద్యాలయానికి ఎక్కువ పరిచయాలతో, ఎక్కువ ప్రచురణలతో తిరిగివస్తారు.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు మీరు బోధించదలచిన మీడియా చట్టం పేపరుకు పూర్తి సిలబస్ రాసుకుని తీసుకెళ్లండి. ఏ విభాగం ఇంటర్వ్యూ అన్నదాన్ని బట్టి అది మారాలి: లా కాలేజీకి తీర్పుల విశ్లేషణ ఎక్కువగా, జర్నలిజం విభాగానికి ప్రచురణకు ముందు వార్తను చట్టం దృష్టితో పరీక్షించడం ఎక్కువగా ఉండాలి. రెండింట్లోనూ విద్యార్థి చేత ఒక సమాచార హక్కు దరఖాస్తు పంపించడం, ఒక రోజు మేజిస్ట్రేటు కోర్టులో కూర్చోబెట్టడం, ఒక తెలుగు వార్తపై వచ్చిన పరువునష్టం కేసుకు రెండు పేజీల కేసు నోట్ రాయించడం తప్పనిసరి పనులుగా పెట్టండి. ఏటా అలా పోగైన కేసు నోట్‌లు, పేర్లు తీసేసి, సెక్షన్ల వారీగా భద్రపరిస్తే కొన్నేళ్లకు మీ విభాగంలోనే జిల్లా కోర్టుల మీడియా కేసుల సంపుటి ఒకటి తయారవుతుంది.